బాక్సు తొమ్మిదొందలున్నప్పుట్నుంచి

కక్కలపల్లి మండీకి ఎదురుగా నా గది.
ఒక బల్ల, ఒక స్టూలు, గోడకు నిరుటి క్యాలెండరు.
బోర్డు మీద డాక్టరని నేను రాయించుకోలేదు,
జనమే నోటితో రాసేశారు.

తెల్లారి నాలుగింటికి ఉజ్జినప్ప గొంతు లేస్తుంది,
కోడికి కోపమొచ్చేంత ముందుగా.
"ఐదొందలు, ఐదొందల పది, పది, పది, ఇరవై..."
పేరుకు వేలంపాటే గానీ
అందులో రాగం ఎవడికి కావాలి?
రైతు తలెత్తేదీ దించుకునేదీ ఆ అంకెను బట్టే.

ఈ మధ్య ఆ గొంతుకు ఇసుక పట్టింది.
ఖాళీ బాక్సును గచ్చు మీద ఈడ్చినట్టుంది.
బయ్యర్లు "ఎంతా?" అని రెండోసారి అడుగుతున్నారు.
ఉజ్జినప్పను రెండోసారి అడగడం
పదకొండేళ్ళలో నేను వినలేదు.

బీడీ చెవి మీద పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.
"ఏదన్నా బిళ్ళ ఈయి సామీ.
అరిచేటోని గొంతు గదా, పట్టుకునింది. అదే ఇడుస్తాది."
"ఎన్నాళ్ళయింది?"
"ఏమో... బాక్సు తొమ్మిదొందలు పాడినప్పుట్నుంచి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.
మండీలో తేదీలుండవు, ధరలుంటాయి.
బోరు ఎప్పుడు ఎండిందంటే
కాయ రోడ్డు మీద పారబోసిన ఏడంటారు.
గుమాస్తా హుసేన్ పీరా దగ్గర చిట్టా తెప్పించి
వేలు పెట్టి వెనక్కి చదివాను.
ఈ రోజు నూట అరవై.
పోయిన సోమవారం రెండొందల ఎనభై.
ఇంకా వెనక్కి, టమాటా రసానికి అతుక్కున్న పేజీలు ఊడదీస్తూ
తొమ్మిదొందల దాకా పోతే
ఏడు వారాలు.

ఏడు.

జలుబుదైతే వారం, పది రోజులు.
అరిచి వాచిందైతే మాట తగ్గిస్తే తగ్గాలి.
మూడు వారాలు దాటినా గొంతు తిరిగి రాలేదంటే
దాన్ని బిళ్ళలతో బతిమాలకూడదు,
లోపలికి చూసేవాళ్ళ దగ్గరికి పంపాలి.
ఈయనకు యాభై మూడేళ్ళు, రోజుకు కట్ట బీడీలు.
ఇట్లాంటోళ్ళకు ఆ మూడు కూడా నిండనీయకూడదు.

మెడ చుట్టూ వేళ్ళతో వెతికాను. గడ్డ తగల్లేదు.
ముద్ద దిగుతోందా? ఉమ్మితే నెత్తురు?
చెవిలో పోటు? ఊపిరి తీస్తే ఈల?
అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.
ఆ ఊపుడుకు నా గుండె కుదుటపడలేదు.

గాజుల నాగులమ్మ అని ఉండేది, ఉంది.
బీడీ ముట్టని మనిషి.
"సందుసందూ అరుస్తావు, అంతే" అన్నాను,
సిరప్పు మీద సిరప్పు, నాలుగు నెలలు.
చివరికి ఊపిరే ఈల వేసింది.
పెద్దాసుపత్రిలో మెడకు రంధ్రం పెట్టారు.
ఇప్పటికీ గాజులమ్ముతుంది,
మాటకు బదులు రెండు గాజులు తట్టి పిలుస్తుంది.
నా గది ముందుకొచ్చినప్పుడు మాత్రం
తట్టదు.

మందు పేరు ఒక్కటీ లేని చీటీ రాశాను.
"అనంతపురం పెద్దాసుపత్రి. గొంతు డాక్టరు గారికి.
బొంగురు, ఏడు వారాలు. లోపల చూడగలరు."

"కోస్తారా?"
"ముక్కులోంచి సన్న తీగ పంపి చూస్తారు.
'ఈ...' అనమంటారు. అను."
"ఈ అంటే ఎంత?" అన్నాడు అలవాటుగా.
వాడే నవ్వబోయి దగ్గాడు.
"సీజను అయినాక పోతాలే సామీ."
"నూట అరవైకి పడినాక ఇంకేం సీజనప్పా?"

గురువారం తెల్లారి వేరే గొంతు లేచింది.
కుర్రాడిది. మూడొందలకూ ముప్పైకీ మధ్య తడబడుతోంది.
ఎవరూ రెండోసారి అడగట్లేదు, తిడుతున్నారు.

క్యాలెండరు నిరుటిది గదా,
చిట్టా తెప్పించి చివరి పేజీ అంచున నేనే రాసుకున్నాను:
బాక్సు నూట నలభై, ఉజ్జినప్ప పోయిన రోజు బస్సుకు.
రాసినాక చదివితే ఎట్లో ఉంది.
"బస్సుకు" అన్న మాట తెచ్చి
ముందుకు పెట్టాను.